‘చల్లబడదా’ పాటకు మూడో చరణం

రామచంద్రమూర్తి దగ్గర నలభై పాటలున్నాయి. ఒక్కో పాటకు ఒక్కో అట్టకార్డు; ముందువైపు సాహిత్యం, వెనకవైపు ఆ పాట పుట్టిన కథ. గుంటూరులో ఒక కళాశాల గ్రంథాలయాన్ని ఇరవై ఏడేళ్లు కనిపెట్టుకుని ఉండి, యాభై మూడో ఏట స్వచ్ఛందంగా విరమించుకున్న మనిషి అతను. పుస్తకాలు పెట్టినచోట ఉంటాయి, మనుషులు ఉండరు అన్నది అతను జీవితంలో తేల్చుకున్న సత్యం. పెళ్లి చేసుకోలేదు. బ్రాడీపేటలో మేడమీది వాటాలో తల్లి శ్యామలాంబతో కలిసి ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో మాటలన్నీ ఆమెవి, మౌనమంతా అతనిది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు అతని మౌనానికి ఎదురు లేకుండా పోయింది.

ఆ నలభై పాటల్లో ముప్పయ్యికి పైగా ఆమె చెప్పినవే. ఏ చరిత్రలోనూ పేరు లేని భజన గురువులు కట్టగా రామాలయాల్లో, కల్లాల్లో, పురిటిళ్లలో, పోయినవాళ్ల దినాల్లో జనం పాడుకుంటూ వచ్చిన పాటలవి. ఏ పాట ఎవరి కష్టంలోంచి పుట్టిందో, తర్వాత ఎవరెవరి కష్టానికి మందయిందో ఆమెకు కంఠోపాఠం. ఆఖరి శీతకాలంలో ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఫోను దిండు మీద పెట్టి, అతను అన్నిటినీ రికార్డు చేసుకున్నాడు. తర్వాత వాటిని శుద్ధిచేసి, దగ్గులూ నిట్టూర్పులూ తీసేసి, వరుస సంఖ్యలు వేసి భద్రపరిచాడు. అరండల్‌పేటలో ప్రెస్సు నడిపే నాగూర్ వలి ముప్పై తొమ్మిది పాటలను అప్పటికే పేజీలు కట్టి ఉంచాడు.

మిగిలింది పంతొమ్మిదో కార్డు. దాని మీద ఎర్రసిరాతో ఒక మాట ఉంది: ‘మూడో చరణం అలభ్యం.’

గుంటూరు నుంచి అద్దంకి దాకా మిరపకాయ ముట్టుకున్న ప్రతి ఆడమనిషికీ ఆ పాట వచ్చు.

‘చల్లబడదా సామి పొద్దు వాలితే
ఎల్లకాలం ఎండ నిలిచేనా’

అన్నది పల్లవి. మొదటి చరణం చేను గోడు చెబుతుంది:

‘నెర్రె విచ్చిన చేను నోరు తెరిచింది
ఎర్రమబ్బా నీకు జాలి లేదా’

రెండోది చేతుల గోడు:

‘మండె చేతులు మజ్జిగలో ముంచి
కొండంత దేవుణ్ణి తలుచుకున్నాం’

భజనపాటకు మూడు చరణాలు ఉండటం ఆ గురువుల ఆనవాయితీ. శ్యామలాంబ రెండు పాడింది. తర్వాత కళ్లు మూసుకుని, మంచంకోడు మీద రెండు వేళ్లతో తాళం వేస్తూ కాసేపు ఊరుకుని, మళ్లీ పల్లవి ఎత్తుకుంది. మూడోది మరిచిపోయావా అమ్మా అని అతను అడిగాడు. ఆమె నవ్వి, అది మరిచిపోయేది కాదులే, ప్రత్తిపాడు వెళ్లి మావాళ్లతో కూర్చుంటే నీకే తెలుస్తుంది అంది. ఎనభై ఒకటో ఏట జ్ఞాపకం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. కార్డు మూలన ‘మరుపు వల్ల విరామం, డెబ్భై సెకన్లు’ అని రాసుకున్నాడు. శుద్ధప్రతిలో ఆ డెబ్భై సెకన్లూ కత్తిరించేశాడు.

మరో మాట కూడా ఆమె అప్పుడే అంది. సంవత్సరీకానికి ఆర్భాటాలేమీ వద్దు, మర్నాడు సాయంత్రం ఇంట్లో భజన పెట్టించి మా పాట పాడించు చాలు అని. కొడుకును ఆమె ఇది కావాలని అడిగింది జీవితంలో అదొక్కటే. ఆ ఒక్క పాటనూ అరకొరగా పాడించడం అంటే, పిలిచి కూర్చోబెట్టిన భోక్తకు విస్తట్లో కూర తక్కువ వడ్డించడంతో సమానమని రామచంద్రమూర్తికి అనిపించింది. ఫాల్గుణం వచ్చేసింది. ఇరవై రోజుల్లో మూడో చరణం దొరకాలి.

అతను తన పద్ధతి ప్రకారం వెదికాడు. ఉత్తరాలు రాశాడు, ఇష్టం లేకపోయినా ఫోన్లు చేశాడు. చరణం దొరకలేదు గాని, అది పోయిన కథలు మాత్రం దొరికాయి. పాట కట్టిన యలమందయ్య గురువు కాగితం గట్టున పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్తే మేక తినేసిందని దాచేపల్లి నుంచి ఒక రిటైర్డు పోస్టుమాస్టరు చెప్పాడు. ఆ మేక ఎవరిదో కూడా చెప్పాడు. చరణం పాడితే వానలు పడేవి కాబట్టి, కల్లంలో కాయ ఉన్నప్పుడు పాడొద్దని రైతులే ఒట్టు వేయించుకున్నారని ఇంకొకరు. అసలు ఆ గురువుకు రెండుకు మించి రాయడం చేతకాలేదని మూడో ఆయన, ఆయన కూడా పాటలు రాస్తాడు. అన్నిటినీ రామచంద్రమూర్తి పంతొమ్మిదో కార్డు వెనక ‘అ’, ‘ఆ’, ‘ఇ’ అని గుర్తులు పెట్టి రాసుకున్నాడు. దేనికీ ఆధారం లేదు.

చివరికి అద్దంకిలో దొరికింది. అక్కడి భజన మండలిలో నలభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్న వీరాంజనేయులు, మూడో చరణమా, నా దగ్గర లేకపోతే ఎవరి దగ్గర ఉంటుందండీ, భోజనం వేళకు వచ్చేయండి అని ఫోనులోనే అభయం ఇచ్చాడు. రామచంద్రమూర్తి మర్నాడే బస్సెక్కాడు.

వీరాంజనేయులు నిండు మనిషి. చెవుల మీద వెంట్రుకలు, వేళ్లకు రెండు ఉంగరాలు, మాట ఆగితే హార్మోనియం, హార్మోనియం ఆగితే మాట. పప్పూ గోంగూరా వడ్డించి, ఇంకాస్త ఇంకాస్త అని ప్రాణం తీసి, చేతులు కడిగాక రేకుపెట్టె తెరిచి పాత నోటుపుస్తకం బయటికి తీశాడు. పసుపుపచ్చబడిన పేజీలో నీలిసిరాతో ఉంది:

‘ఇందువదనా నీదు మందహాసపు వెన్నె
లందు కుందులు బాపు కువలయనేత్రా’

హార్మోనియం మీద ఒకటికి రెండుసార్లు పాడి వినిపించాడు. రామచంద్రమూర్తి కళ్లజోడు తుడుచుకుని ప్రాస చూశాడు, తాళానికి గుణించి చూశాడు. ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు. ఎండిన చేనూ మజ్జిగలో ముంచిన చేతులూ ఉన్న పాటలోకి ఈ కువలయనేత్రుడు ఎక్కణ్ణుంచి వచ్చాడా అని ఒక్క క్షణం మనసు నసిగింది గాని, దొరికిన సంతోషం దాని నోరు నొక్కేసింది. తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని, రోడ్డుకు అటూ ఇటూ ఎర్రతివాచీల్లా పరిచిన మిరపకల్లాలు చూస్తూ, చాలాకాలానికి అతను కూనిరాగం తీశాడు. ఎర్రసిరా మాట మీద నల్లసిరాతో ‘లభ్యం’ అని రాయడం బస్సు కుదుపులో కుదరదు కాబట్టి ఇంటికి వచ్చాక రాశాడు.

ఇక మిగిలింది పాడేవాళ్లను పిలవడం. మర్నాడు ప్రత్తిపాడు వెళ్లాడు.

ప్రత్తిపాడు అతనికి కొత్త కాదు. తండ్రి అక్కడి హైస్కూలుకు హెడ్మాస్టరుగా పదిహేడేళ్లు చేసినప్పుడు వాళ్లు సుబ్బరావమ్మగారి ఇంట్లో అద్దెకుండేవాళ్లు. ఆమె రైతు కుటుంబం. వీళ్లది పంతుళ్ల కుటుంబం. అయినా వేసవి వచ్చి కల్లంలో కాయ ఎండితే, ముచ్చికలు తీసే ఆడవాళ్ల పక్కన శ్యామలాంబ కూడా పీట వేసుకుని కూర్చునేది. కాయకు ఉన్న తొడిమ విరిచి పారేయడమే ఆ పని; చూడటానికి సుళువు, సాయంత్రానికి వేళ్లు నిప్పులు. ఈవిడకెందుకండీ ఈ మంట అని ఊరంతా అనుకునేది. రామచంద్రమూర్తి అప్పట్లో ఇంట్లో కూర్చుని చదువుకునేవాడు. కల్లం ఘాటుకు అతనికి తుమ్ములు.

తుమ్ములు ఇప్పటికీ మానలేదు. కల్లం గట్టు ఎక్కీ ఎక్కకముందే ఏడు తుమ్మాడు. పట్టా నీడన పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య సుబ్బరావమ్మ, డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, వెన్ను వంగకుండా కూర్చుని కాయలు విరుస్తోంది. తలెత్తకుండానే, "ఏడు తుమ్ములు. చిన్నపంతులుగారు వచ్చారు" అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వక తప్పలేదు.

ఆమె అతని తల్లిని అక్కయ్యగారూ అని పిలిచేది కనుక ఆమె అతనికి పిన్నిగారు. పీట వేయించి, మజ్జిగ తెప్పించి, ఒళ్లు చిక్కిపోయావని కోప్పడి, తర్వాత నువ్వు మాని ‘మీరు’లోకి దిగింది. భజన సంగతి చెప్పగానే, పిలవాలా, అక్కయ్యగారి ఏడాదికి మేము రాకుండా ఎట్లా ఉంటామనుకున్నారు, ఆటో కూడా మాట్లాడేశాం అంది. అంతలో పక్కనున్నావిడ పల్లవి ఎత్తుకుంది. పెద్దావిడ మాటల్లో అక్కయ్యగారి పేరు రావడమే అందుకు కారణం కావచ్చు. మిగతావాళ్లు అందుకున్నారు. చేతులు ఆగలేదు; విరిగే ముచ్చికల చిటపటలే తాళం. చేను గోడు పాడారు, చేతుల గోడు పాడారు. తర్వాత గొంతులు ఆగాయి.

చిటపట మాత్రం అలాగే సాగుతోంది. పదిమందీ తలలు దించుకుని ఉన్నారు. కొందరి పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు.

వీళ్లకూ రాదన్నమాట అనుకున్నాడు రామచంద్రమూర్తి. నోటికి రాని చరణాన్ని పెదవులతో తడుముకుంటున్నారు పాపం అనుకున్నాడు. చదువుకున్న దయ అతన్ని ముంచెత్తింది. పదిమందిలో గొంతెత్తడమంటే వణికే మనిషి, ఆ నిశ్శబ్దంలో గొంతు సవరించుకుని, ఇందువదనా అని అందుకుని, కువలయనేత్రా దాకా తప్పు లేకుండా పాడేశాడు.

చేతులు ఆగిపోయాయి. అతను వచ్చినప్పటినుంచీ అవి ఆగడం అదే మొదటిసారి. అతనికి ఎదురుగా కూర్చున్న ఒక అమ్మాయి, ముప్పై ఏళ్లు ఉండవు, ఒళ్లో కాయలు దులుపుకుని లేచి, ఎవరివంకా చూడకుండా కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది. ఒకావిడ మర్యాదకు, బాగుందండీ అంది.

సుబ్బరావమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ముద్దుగా ఉంది బాబూ. తప్పు పట్టడానికి లేదు. అయితే మేమెక్కడ కూర్చోవాలి దాంట్లో?"

అతనికి అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకున్నాడు కూడా. అది అతనిలో మంచి గుణం. అప్పుడామె మిగతావాళ్లను పని చూసుకోమని, అతని పీటను తన పక్కకు జరిపించుకుని, ఆ పాట పుట్టిన కథ చెప్పింది. మేకా వానా ఏమీ లేవు అందులో.

యలమందయ్య ఊరూరా తిరిగి భజన నేర్పే గురువు. ఒక ఊళ్లో మూడు నెలలుంటే భోజనం ఇంటికొక పూట, పడక రామాలయం అరుగు. ఆయన భార్య పత్తి ఏరుతూ పాము కరిచి పోయింది. కర్మ అయిన నెలకు మిరప కోత వచ్చింది. ముందే ఒప్పుకున్న ఊరు కనుక ప్రత్తిపాడు వచ్చాడు. వచ్చాక ఈ పాట కట్టి, ఇదే కల్లంలో, సుబ్బరావమ్మ అత్తగారి కాలంలో, ఆడవాళ్లకు నేర్పడానికి కూర్చున్నాడు. చేను గురించి పాడాడు. చేతుల గురించి పాడాడు. మూడోది భార్య గురించి రాసుకున్నాడట. దాని దగ్గరికి వచ్చేసరికి నోరు తెరిచాడు గాని మాట రాలేదు.

భజనలో ఒక నియమం ఉంది. పాడేవాడు తడబడితే తాళం ఆపకూడదు. ఆపితే అతన్ని నడివీధిలో వదిలేసినట్టు. అందుకని ఆ ఆడవాళ్లు ఆపలేదు. ఆయన తల దించుకుని కూర్చున్నంతసేపూ చిడతలు వేస్తూనే ఉన్నారు. వేస్తూ వేస్తూ ఎవరి సంగతి వాళ్లకు గుర్తుకొచ్చింది. ఒకామెకు పురిట్లో పోయిన బిడ్డ, ఒకామెకు చెప్పకుండా వెళ్లిపోయిన తమ్ముడు, ఒకామెకు పుట్టింటి గడప. చరణమంతసేపు గడిచాక గురువే పల్లవి ఎత్తుకున్నాడు. చూస్తే అందరి మొహాలూ కడిగినట్టున్నాయి. మర్నాడు సుబ్బరావమ్మ అత్తగారు, గురువుగారూ మూడో చరణం మాటలు చెప్పండి, నేర్చుకుంటాం అని అడిగింది. ఆయన, "నిన్న మీరంతా పాడారు కదమ్మా, అదే" అన్నాడు.

అంతే. అప్పటినుంచీ అక్కడ మాటలుండవు, తాళం ఉంటుంది. ఎవరి మాటలు వాళ్లు లోపల పెట్టుకుంటారు. ఏం పెట్టుకున్నావని ఒకరినొకరు అడగరు. అడిగితే దాని చలవ పోతుందని అంటారు. కుళాయి దగ్గరికి వెళ్లిన అమ్మాయి తేజశ్రీ, సుబ్బరావమ్మ చిన్నకోడలు. ఆమె తల్లి కార్తికంలో పోయింది. పోయాక ఈ పాటలో కూర్చోవడం ఇవాళే మొదలు.

రామచంద్రమూర్తికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచి కుళాయి దగ్గరికి వెళ్లాడు. క్షమాపణ చెప్పడంలో అనుభవం లేనివాడు కనుక, పుస్తకంలో తప్పొప్పుల పట్టిక రాసినట్టే చెప్పాడు: అమ్మా, అక్కడ నేను పాడకూడదు, పాడాను, తప్పు నాది. తేజశ్రీ మొహం కడుక్కుని, పర్లేదండీ, మళ్లీ పాడతాంగా, రోజుకు పదిసార్లు పాడతాం అంది. తర్వాత చిన్నగా నవ్వి, మీరు తుమ్మితేనే బాగుంటుందండీ అంది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

వెళ్లబోతూ అతను సుబ్బరావమ్మ దగ్గర ఆగాడు. ఇన్నాళ్లుగా వెదుకుతున్నది ఏమిటో అతనికి ఇప్పుడే తెలిసింది. అమ్మ పాట లోటుగా ఉందని కదా అతను తిరిగింది. అమ్మ తన కాలమంతా ఆ ఖాళీలో ఏం పెట్టుకుందో తెలిస్తే చాలు, ఇంకే చరణమూ అక్కర్లేదు.

"పిన్నిగారూ, అమ్మ అక్కడ ఏమనుకునేది?"

"అడక్కూడదని ఇప్పుడే చెప్పాను కదయ్యా."

"మీకు తెలుసా?"

"తెలీదు. తెలిసినా చెప్పను." ఆమె ఇంకో నాలుగు కాయలు విరిచింది. "ఒకటి మాత్రం చెబుతా, అది దాచేది కాదు. మేమందరం చరణమంత కొలతకు సరిగ్గా లేచేవాళ్లం. మీ అమ్మగారికి ఎప్పుడూ చాలేది కాదు. ఆవిడ పెదాలు ఆగేదాకా మేము పల్లవి ఎత్తుకునేవాళ్లం కాదు. పదిహేడు వేసవులు, రోజూ అంతే. ఒక్కనాడు కూడా అక్కయ్యగారిని సగంలో లేపలేదు. అదిగో, ఆ గుంజ పక్కన కూర్చునేది."

రామచంద్రమూర్తి ఆ గుంజ వంక చూశాడు. పట్టా కట్టిన మామూలు సర్వికర్ర. దాని మొదట్లో ఎవరిదో మజ్జిగ చెంబు ఉంది.

ఇంటికి వచ్చి కంప్యూటరు తెరిచాడు. శుద్ధప్రతి చేసినా మూలప్రతిని పారేయడం అతని ధర్మంలో లేదు. వృత్తి నేర్పిన ఆ ఒక్క అలవాటూ ఆనాడు అతన్ని కాపాడింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూలప్రతి విన్నాడు. రెండో చరణం అయిపోయింది. మంచంకోడు మీద రెండు వేళ్ల చప్పుడు మొదలైంది. ఒక చరణానికి నలభై సెకన్లు పడుతుంది. నలభై దాటింది. వేళ్లు ఆగలేదు. యాభై, అరవై. తాను మరుపు అని రాసుకున్న చోట తల్లి ఏమాత్రం తాళం తప్పకుండా, తీరుబడిగా, తన అలవాటు ప్రకారం కొలత మించి కూర్చుని ఉంది. పక్కన కుర్చీలో తాను ఉన్నాడు, గడియారం చూసుకుంటూ.

వేళ్ల చప్పుడు కింద మరేదో ఉంది. ఊపిరి లాంటిది. మాటలు కావచ్చు. కంప్యూటరులో శబ్దం పెంచే మీట ఉంది. మిగతా గొడవను తగ్గించి గుసగుసను పైకి తెచ్చే సాధనం కూడా ఉంది, ముప్పై తొమ్మిది పాటలకూ దాన్ని వాడాడు. రామచంద్రమూర్తి మీట మీద వేలు పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు.

తర్వాత హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, మిగిలిన పాటను గది అంతా వినపడేలా మామూలుగా పెట్టాడు. ఆ గుసగుస ఫ్యాను గాలిలో కలిసిపోయింది. పల్లవి మాత్రం స్పష్టంగా వచ్చింది. వంటింట్లో పాలు పొంగుతున్నాయని గుర్తొచ్చేదాకా అతను అలాగే కూర్చున్నాడు. ఏడాదిగా ఆ ఇంటిని నింపిన నిశ్శబ్దం ఆ పూట అతనికి ఎందుకో కొత్తగా అనిపించింది, ఎవరో ఉన్నట్టు.

వీరాంజనేయులుకు చెప్పాలి కదా. ఫోను చేసి, మీ నోటుపుస్తకంలో చరణం ఎవరిదండీ అని సూటిగా అడిగాడు. అవతల చాలాసేపు మాట లేదు. ఆ మనిషి విషయంలో అది సాక్ష్యంతో సమానం. చివరికి ఒప్పుకున్నాడు. కుర్రతనంలో తనే రాశాడట.

"ఏం చేయమంటారండీ. ఆడవాళ్లు అంతసేపు ఊరుకుంటే నా చేతులు దురదపెట్టేవి. ఖాళీ కనపడితే నింపకుండా ఉండలేను నేను."

"నేనూ అంతేనండీ" అన్నాడు రామచంద్రమూర్తి. ఇద్దరూ నవ్వుకున్నారు. భజనకు తప్పకుండా రమ్మని, అయితే ఆ చోట శ్రుతి ఒక్కటే పట్టాలని షరతు పెట్టాడు. వీరాంజనేయులు కాస్త బేరమాడి ఒప్పుకున్నాడు.

నాగూర్ వలితో బేరం ఇంకా కష్టమైంది. పంతొమ్మిదో పాట పేజీ కట్టి చూసి, సార్, రెండో చరణం తర్వాత మూడంగుళాల చోటు వదిలేశారు, మ్యాటరు పైకి లాగేస్తాను అని ఫోను చేశాడు. వద్దు, అలాగే ఉంచండి అన్నాడు ఇతను. పోనీ ఒక పువ్వు బొమ్మ వేస్తాను, బోసిగా ఉండదు అన్నాడు అతను. పువ్వూ వద్దన్నాడు. నలభై ఏళ్ల సర్వీసులో తెల్లకాగితం అచ్చు వేయమన్న రచయిత మీరే సార్ అని నాగూర్ వలి నిట్టూర్చాడు. రామచంద్రమూర్తి ఓపికగా, బహుశా జీవితంలో మొదటిసారి ఫోనులో పది నిమిషాలు, పాట కథంతా చెప్పాడు. అవతల ప్రెస్సు చప్పుడు వినపడుతూనే ఉంది. కథ అయ్యాక నాగూర్ వలి గొంతు మారింది. మూడంగుళాలు చాలుతుందా సార్, నాలుగు చేద్దామా అన్నాడు.

నాలుగే చేశారు.

సంవత్సరీకం శాస్త్రప్రకారం జరిగింది. మర్నాడు సాయంత్రం, ఎండ ఇంకా మేడ గోడలను వదలకముందే, రెండు ఆటోల్లో ప్రత్తిపాడు ఆడవాళ్లు దిగారు. వాళ్లతోపాటు ఒక సంచి నిండా కొత్త మిరపకాయలు కూడా దిగాయి, ముచ్చికలతోనే ఉన్నాయి. చేతులు ఖాళీగా ఉంటే మాకు పాట రాదండీ అని తేజశ్రీ వివరించింది. హాల్లో బట్టలు పరిచి, కాయలు గుట్టపోసి, చుట్టూ కూర్చున్నారు. వీరాంజనేయులు హార్మోనియం గోడవారగా సర్దుకున్నాడు. శ్యామలాంబ ఫోటో ముందు దీపం. రామచంద్రమూర్తికి ఒక పీట వేసి, సుబ్బరావమ్మ అతని ముందు కూడా ఒక దోసెడు కాయలు పోసింది. మేడమీది వాటా చరిత్రలో అంతమంది మనుషులు ఎన్నడూ లేరు. అతను అప్పటికే మూడుసార్లు తుమ్మాడు.

పాటలు ఒకదాని వెంట ఒకటి సాగాయి. చివరికి ‘చల్లబడదా’ అందుకున్నారు. నెర్రె విచ్చిన చేను వచ్చింది. మండే చేతులు వచ్చాయి; అతని వేళ్లు కూడా అప్పటికి మండుతున్నాయి గనక ఆ చరణం అతనికి మొట్టమొదటిసారి అర్థమైంది. తర్వాత గొంతులు ఆగాయి. హార్మోనియం ఒక్క శ్రుతి మీద నిలిచింది. ముచ్చికల చిటపట మాత్రం సాగుతోంది.

ఆ చోట ఏం అనుకోవాలో అతను ముందురోజే ఒక కార్డు మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. నాలుగు పంక్తులు, ప్రాసతో. కార్డు బయటికి తీయలేదు. కళ్లు మూసుకున్నాడు. రాసుకున్నవి ఒక్కటీ రాలేదు, వేరేవి వచ్చాయి. అవేమిటో ఇక్కడ చెప్పడం కుదరదు. కల్లంలోని నియమం కథ చెప్పేవాళ్లకూ వర్తిస్తుంది. పెద్ద మాటలు కావని మాత్రం చెప్పవచ్చు. ఇంట్లో రోజూ చెప్పుకోవలసి ఉండి, రేపు చెబుదాంలే అని దాటవేసిన చిన్నచిన్న సంగతులు. ఏళ్ల తరబడి పోగుపడ్డాయేమో, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చాయి. అతని పెదవులు కదులుతున్నట్టు అతనికే తెలియదు.

అయ్యాక కళ్లు తెరిచాడు.

పదిమందీ అతని వంకే చూస్తున్నారు. ఎవరూ పాడటం లేదు. ఎవరి చేతులూ ఆగలేదు. కాయ వెంట కాయ విరుస్తూ, తొందరేమీ లేనట్టు, తాళం నిలబెట్టి ఉంచారు. తేజశ్రీ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. వీరాంజనేయులు ఒకే మెట్టు మీద వేలు నొక్కిపట్టి, చెమటలు కక్కుతూ, మాట నిలబెట్టుకుంటున్నాడు. గోడ గడియారం వంక చూడబోయి రామచంద్రమూర్తి మానుకున్నాడు. ఎంతసేపయిందో అతనికి అక్కర్లేదు.

"అయిందా బాబూ?" అంది సుబ్బరావమ్మ.

అతను తల ఊపాడు.

"అమ్మ పోలికే" అని పక్కామెతో అని, ఆమె పల్లవి ఎత్తుకుంది.